గొంతు పట్టేసిందా? మాటే బతుకైనవాళ్ళు గొంతు బాగుచేసుకునే పద్ధతి, వరసగా

నేను స్పీచ్ థెరపిస్టుని. జూన్‌లో బడులు తెరిచాక, ఆగస్టు దాటే వేళకి నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పంతుళ్ళే ఎక్కువ. అందరిదీ ఒకటే ప్రశ్న: "గొంతు పోయింది, ఏం చేస్తే తిరిగొస్తుంది?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పి విసిగిపోయాను. అందుకని వరస తప్పకుండా ఇక్కడ రాస్తున్నాను. పూజారులకీ, కూరగాయలు అమ్మేవాళ్ళకీ, కాల్ సెంటర్లో పనిచేసేవాళ్ళకీ ఇదే పద్ధతి.

వరస ముఖ్యం అని ఎందుకంటున్నానంటే, చాలామంది ఆఖరి మెట్టుతో మొదలుపెడతారు. యూట్యూబ్‌లో ఒక సాధన చూసి నెల్లాళ్ళు చేస్తారు, లోపల ఏముందో చూపించుకోరు. ముందు చూపించుకోవాలి, ఆ తర్వాత మార్చుకోవాలి.

1. మీ గొంతుకి ఏమైందో మీరే రాసుకోండి

"గొంతు బాలేదు" అంటే డాక్టరుకి ఏమీ తెలియదు. బొంగురుపోవడం వేరు, జీరబోవడం వేరు, మాట మధ్యలో తెగిపోవడం వేరు, పొద్దున బాగుండి సాయంత్రానికి అలిసిపోవడం వేరు. ఒక్కోదాని వెనక ఒక్కో కారణం ఉంటుంది.

నోటుబుక్కులో ఈ నాలుగూ రాయండి:

- ఎప్పుడు మొదలైంది? జలుబుతోనా, అరిచాకనా, ఆపరేషన్ తర్వాతా, ఏ కారణమూ లేకుండానా?
- రోజులో ఎప్పుడు బాగుంటుంది, ఎప్పుడు చెడుతుంది? సెలవు రోజుల్లో తేడా ఉందా?
- నొప్పి ఉందా, లేక అలసట మాత్రమేనా? మెడ పక్కన కండరాలు బిగుస్తున్నాయా?
- వాడుతున్న మందులన్నీ. ఉబ్బసానికి పీల్చే స్టెరాయిడ్ మందూ, రక్తం పలచబడే మాత్రలూ తప్పకుండా రాయాలి.

తర్వాత ఫోన్లో రికార్డు చేయండి. మీకు కంఠతా వచ్చిన పద్యం ఒకటి చదవండి, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టండి. నిండుగా ఊపిరి తీసుకుని హాయిగా ఉన్న శ్రుతిలో "ఆ" అని ఎంతసేపు లాగగలరో చూసుకోండి. పెద్దవాళ్ళు మామూలుగా పదిహేను సెకన్లు దాటతారు. మూడు సార్లు ప్రయత్నించినా పది దాటకపోతే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

ఈ మొదటి రికార్డింగు చెరపొద్దు. తర్వాత పనికొస్తుంది.

2. ఆగకూడని సందర్భాలు

కింది వాటిలో ఒక్కటున్నా మిగతాది చదవడం ఆపి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

- ఊపిరి ఆడకపోవడం, గాలి పీల్చేటప్పుడు కూత రావడం (ఆ గంటలోనే ఆస్పత్రికి)
- మాట ముద్దగా మారి, మూతి వంకరపోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం (ఇది గొంతు జబ్బు కాదు, పక్షవాతం కావచ్చు; 108కి ఫోన్ చేయండి)
- ఉమ్మిలో రక్తం
- మెడలో గడ్డ
- మింగడం కష్టమవడం, నీళ్ళు తాగినా పొలమారడం
- కారణం లేకుండా బరువు తగ్గడం
- థైరాయిడ్, మెడ, ఛాతీ ఆపరేషన్ తర్వాతో, గొంతులో గొట్టం వేశాకో మొదలైన బొంగురు
- అరిచిన క్షణంలోనే ఠక్కున గొంతు పోవడం (స్వరతంత్రిలో, అంటే కంపించి గొంతు పుట్టించే మడతలో, రక్తం చిమ్మి ఉండొచ్చు, చూపించుకునేదాకా మాట్లాడకండి)
- చుట్ట, బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా అలవాటున్నవాళ్ళకి బొంగురు తగ్గకపోవడం

ఇవేమీ లేకపోతే ఎన్నాళ్ళు ఆగొచ్చు? అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2018లో సవరించిన సూచనల ప్రకారం నాలుగు వారాల్లో తగ్గని బొంగురుకి స్వరపేటికను (గొంతులో స్వరతంత్రులుండే భాగాన్ని) కళ్ళారా చూడాల్సిందే. గొంతే జీవనాధారమైనవాళ్ళ విషయంలో అంతదాకా ఆగనక్కర్లేదని కూడా అందులోనే ఉంది. పంతుళ్ళకి నేను చెప్పే గడువు రెండు వారాలు.

3. మొదటి పది రోజులు

జలుబుతో వచ్చిన బొంగురు చాలావరకు వారం, పది రోజుల్లో దానంతటదే పోతుంది. ఈ పది రోజుల్లో చేయాల్సింది గొంతుని ఇంకా పాడుచేయకుండా ఉండటమే.

మాట తగ్గించండి. పూర్తి మౌనం అక్కర్లేదు. పక్కనున్న మనిషికి మాత్రమే వినిపించేంత మామూలు గొంతుతో, చిన్న వాక్యాల్లో మాట్లాడండి. గుసగుసలాడొద్దు. చాలామందిలో గుసగుస వల్ల స్వరపేటిక పైభాగం ఇంకా బిగుసుకుంటుంది.

ఆవిరి పట్టండి, ఉత్త నీళ్ళతోనే. ఘాటైన బామ్ వేస్తే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది గానీ గొంతు ఆరిపోతుంది.

నీళ్ళు రోజంతా కొంచెం కొంచెంగా తాగండి. లీటర్ల లెక్క పెట్టుకోకండి, మూత్రం లేత రంగులో ఉంటే చాలు.

ఇక్కడొక మాట. తేనె, మిరియాలు, కరక్కాయ, పటికబెల్లం, అతిమధురం... వీటిలో ఏదీ స్వరతంత్రుల మీద పడదు. మింగినదల్లా అన్నవాహికలోకి పోతుంది. స్వరతంత్రుల మీద ఒక్క చుక్క పడ్డా ఏమవుతుందో మీకు తెలుసు, పొలమారుతుంది, పక్కవాళ్ళు "ఎవరో తలుచుకుంటున్నారు" అని నెత్తిన తడతారు. కరక్కాయ చప్పరిస్తే లాలాజలం ఊరి గొంతు పైభాగం తడుస్తుంది, హాయిగా ఉంటుంది. ఆ హాయి నిజమే, కాదనను. కానీ దాన్ని నమ్ముకుని మూడు నెలలు గడపకండి. బీపీ ఉన్నవాళ్ళు అతిమధురం అతిగా వాడకూడదు, బీపీ పెరుగుతుంది.

మెంథాల్ బిళ్ళలు కూడా ఇంతే. అవి గొంతుని మొద్దుబారుస్తాయి, నొప్పి తెలియక మీరు ఇంకా అరుస్తారు.

4. ఈఎన్‌టీ దగ్గర ఏం జరగాలి

గొంతు బయటి నుంచి తడిమి, నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే స్వరతంత్రులు కనబడవు. అవి నాలుక మొదలుకి వెనక, కిందికి ఉంటాయి. ముక్కు లోంచో నోటి లోంచో సన్నని కెమెరా పెట్టి చూడాలి. దీన్నే లారింగోస్కోపీ అంటారు. ముక్కులో మత్తు స్ప్రే కొడతారు, కాస్త చేదుగా ఉంటుంది. చూడటం ఒకట్రెండు నిమిషాల పని. స్ట్రోబోస్కోపీ (మిణుకుమిణుకుమనే వెలుతురుతో చూసే పరీక్ష) ఉన్నచోట ఇంకా మేలు. ఆడవాళ్ళ స్వరతంత్రులు సెకనుకి ఇంచుమించు రెండువందల సార్లు, మగవాళ్ళవి నూటపాతిక దాకా కొట్టుకుంటాయి. మామూలు వెలుతురులో ఆ కదలిక కంటికి ఆనదు. స్ట్రోబ్ వెలుతురులో నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపిస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక టీచరమ్మ సంచిలోంచి మూడు చీటీలు తీసింది. మూడింట్లోనూ యాంటీబయాటిక్, గ్యాస్ మాత్ర. ఎనిమిది నెలలుగా ఒక్కరూ లోపల చూడలేదు. చూడకుండా బొంగురుకి యాంటీబయాటిక్, స్టెరాయిడ్, గ్యాస్ మందు అలవాటుగా రాయొద్దని పైన చెప్పిన సూచనల్లోనే స్పష్టంగా ఉంది. మీరు మర్యాదగా అడగొచ్చు: "కెమెరాతో చూస్తారాండీ? ఇక్కడ వీలుకాకపోతే ఎక్కడికి వెళ్ళమంటారు?"

హైదరాబాద్‌లో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది, విశాఖలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. బోధనాస్పత్రుల్లో ఈఎన్‌టీ విభాగం ఉంటుంది. స్పీచ్ థెరపీకి సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మైసూరులో 1965 నుంచీ ఉన్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ పేరున్నవి. ప్రైవేటు థెరపిస్టు దగ్గరికి వెళితే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకునేవాళ్ళుంటే లేచి వచ్చేయండి.

బయటికి వచ్చేముందు ఫొటో ఉన్న రిపోర్టు తీసుకోవడం మరవొద్దు.

5. రిపోర్టులో ఏం రాశారు?

*నాడ్యూల్స్.* పార పట్టినవాళ్ళ అరచేతికి కాయలు కాసినట్టే, రెండు తంత్రులూ ఎక్కువగా గుద్దుకునేచోట, ఎదురెదురుగా ఏర్పడే గట్టి బుడిపెలు. పంతుళ్ళలో, అందునా ఆడవాళ్ళలో ఎక్కువ. క్యాన్సర్ కాదు. మొదటి వైద్యం ఆపరేషన్ కాదు, థెరపీ, అంటే థెరపిస్టు నేర్పే గొంతు సాధన. అలవాటు మారకుండా కోయించుకుంటే మళ్ళీ కాస్తాయి.

*పాలిప్, సిస్ట్.* పాలిప్ అంటే తంత్రి మీద మెత్తటి బుడిపె, సిస్ట్ అంటే తిత్తి. ఎక్కువగా ఒక పక్కనే వస్తాయి. వీటికి తరచు ఆపరేషన్ కావాలి, దానికి ముందూ వెనకా థెరపీ ఉంటే ఫలితం నిలుస్తుంది.

*మజిల్ టెన్షన్ డిస్ఫోనియా.* తంత్రుల మీద ఏమీ లేదు, చుట్టూ ఉన్న కండరాలు బిగబట్టి పనిచేస్తున్నాయి. "ఏమీ లేదు" అన్నారని ఇంటికెళ్ళిపోకండి. థెరపీతో బాగా తగ్గేది ఇదే.

*స్వరతంత్రి పక్షవాతం.* ఒక తంత్రి కదలదు, గాలి పోయినట్టు బలహీనంగా మాట వస్తుంది. ఎడమ తంత్రిని నడిపే నరం ఛాతీలోకి దిగి, గుండె దగ్గర బృహద్ధమని కింద చుట్టి మళ్ళీ పైకి వస్తుంది. అందుకే గొంతు కోసం వెళితే ఛాతీ స్కాన్ రాస్తారు. క్షయ, ఊపిరితిత్తుల గడ్డ వంటివి కూడా గొంతులో బయటపడేది ఇందుకే. ఆ స్కాన్ ఎగ్గొట్టకండి.

*స్పాస్మోడిక్ డిస్ఫోనియా.* మాట మధ్యలో గొంతు ఎవరో నొక్కినట్టు తెగిపోతుంది, నవ్వేటప్పుడో పాడేటప్పుడో మాత్రం చాలామందికి బాగానే ఉంటుంది. చూసేవాళ్ళు "టెన్షన్ పడకు" అంటారు, మనిషి కుంగిపోతాడు. ఇది మెదడు సంకేతాల్లో వచ్చే తేడా. బొటాక్స్ ఇంజెక్షన్ మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది, తర్వాత మళ్ళీ వేయాలి.

పదిహేడేళ్ళొచ్చినా గొంతు మారని అబ్బాయిలు కూడా ఉంటారు. "ఆడగొంతు" అని ఏడిపిస్తారని కాలేజీ మానేసినవాళ్ళని చూశాను. చాలామందికి కొద్ది వారాల థెరపీతోనే గొంతు దిగుతుంది. ఆ ఇంట్లోవాళ్ళకి ఈ ఒక్క ముక్క చెప్పండి.

6. స్ట్రా సాధన

నాడ్యూల్స్, కండరాల బిగువు, అలసట, వీటిలో ఏదో ఒకటని తేలాక ఇది మొదలుపెట్టండి. గొంతు వాచి మండుతున్నప్పుడూ, ఆపరేషన్ అయిన కొత్తలో డాక్టరు సరేననేదాకానూ వద్దు.

కావాల్సినవి: కొబ్బరిబోండం తాగే స్ట్రా ఒకటి, సగం నీళ్ళున్న సీసా ఒకటి. కాగితం స్ట్రా నానిపోతుంది, వద్దు.

ఎందుకు పనిచేస్తుందంటే, సన్నని దారిలో గాలి పోవాలంటే వెనక్కి కొంత ఒత్తిడి తిరిగొస్తుంది. ఆ ఒత్తిడి తంత్రులను పైనుంచి కాస్త ఎడంగా పట్టి ఉంచుతుంది. అవి గుద్దుకోకుండానే కంపిస్తాయి. స్వరశాస్త్రవేత్త ఇంగో టిట్జే దీన్ని ప్రపంచమంతా వ్యాప్తి చేశాడు.

మెట్లు:

1. నిటారుగా కూర్చోండి. స్ట్రా కొస నీళ్ళలో రెండు సెంటీమీటర్లు, అంటే బొటనవేలి గోరంత లోతు మునగాలి. లోతు పెరిగితే శ్రమ పెరుగుతుంది.
2. గొంతు కలపకుండా ఊదండి. బుడగలు ఒకే తీరుగా రావాలి. ఒక నిమిషం.
3. ఇప్పుడు "ఊ" అంటూ ఊదండి. బుగ్గలు వదులుగా, పెదాలు మాత్రం బిగువుగా. పెదాల దగ్గర జుమ్మని కంపనం తెలియాలి.
4. అదే "ఊ"ని కింది శ్రుతి నుంచి పైకి, పై నుంచి కిందికి సైకిల్ మీద మిట్ట ఎక్కి దిగినట్టు జార్చండి. అందినంతవరకే.
5. పద్యం వరసని స్ట్రాలోనే, మాటలు లేకుండా పాడండి.
6. స్ట్రా తీసేసి వెంటనే "మ్మ్‌" అనండి. ఆ కంపనం ముక్కు, పెదాల దగ్గరే ఉందా? ఉంటే అదే గొంతుతో "మ్మ్‌... మామిడి", "మ్మ్‌... మేనమామ", "మ్మ్‌... మనం మొన్న మాట్లాడుకున్నాం" అనండి.

మొత్తం మూడు నిమిషాలు, రోజుకి నాలుగైదు సార్లు. ఒకేసారి అరగంట చేయడంలో లాభం లేదు.

పరీక్ష: "ఊ" అంటూ ఒక్క క్షణం ముక్కు మూయండి. శబ్దం మారితే గాలి ముక్కులోంచి కారుతోంది, సరిచేసుకోండి. గొంతులో నొప్పి, మంట వస్తే ఆ రోజుకి ఆపేయండి.

ఆరో మెట్టు దగ్గర జనం తొందరపడతారు. స్ట్రాలో బుడగలు ఊది, లేచి, పాత గొంతుతోనే "ఏమోయ్, కాఫీ!" అని కేకేస్తారు. సాధన అంతా ఆ కొత్త గొంతుని మాటలోకి తేవడానికే. మొదటి వారం మ-కారపు మాటలు, రెండో వారం చిన్న వాక్యాలు, మూడో వారం ఫోన్లో ఒక సంభాషణ, ఆ తర్వాతే తరగతి.

7. అచ్చుతో మొదలయ్యే మాటలు

"ఏయ్!", "ఆపు!", "అరేయ్!", "ఇటు చూడండి!" పంతుళ్ళ నోట రోజుకి ఎన్నిసార్లు వస్తాయో లెక్కలేదు. అన్నీ అచ్చుతోనే మొదలు. కోపంలో అచ్చుని కొట్టినట్టు అంటే రెండు తంత్రులూ ముందు గట్టిగా మూసుకుని తర్వాత పేలతాయి. కాయలు కాసేది అక్కడ.

మందు మన నోట్లోనే ఉంది. పల్లెల్లో "ఎవరు" అనరు, "యెవరు" అంటారు. "ఒద్దు" అనరు, "వొద్దు" అంటారు. ఆ య-కారం, వ-కారం తంత్రులను మెత్తగా కలుపుతాయి. ఎ, ఏ, ఇ, ఈ ముందు లీలగా "య". ఒ, ఓ, ఉ, ఊ ముందు "వ". అ, ఆ ముందు వినీవినపడని "హ" చేర్చి పలకండి. రోజుకి పది మాటలు, అద్దం ముందు, మెడ మీద చెయ్యి పెట్టుకుని చేయండి. చెయ్యి కింద కండరం బిగిస్తే మళ్ళీ మొదటికి రండి.

8. తరగతి గదిలో

ముందు మైకు కొనుక్కోండి. నడుముకో మెళ్ళోనో తగిలించుకునే చిన్న స్పీకరు, చెవికి పెట్టుకునే మైకు. 2002లో అమెరికాలో నెల్సన్ రాయ్ బృందం గొంతు దెబ్బతిన్న పంతుళ్ళకి కొందరికి మైకులిచ్చింది, కొందరికి గొంతు జాగ్రత్తలు మాత్రం చెప్పింది. మైకు వాడినవాళ్ళు స్పష్టంగా మెరుగయ్యారు. జాగ్రత్తలు విన్నవాళ్ళలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. నాలాంటివాళ్ళ ఉపన్యాసం విలువ అంతే!

మైకు నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూలకి రెండు వేళ్ళ దూరంలో ఉండాలి. మైకు పెట్టుకుని కూడా పాత ధోరణిలో అరిస్తే మాత్రం కొని దండగ.

మిగతావి:

- బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు. రాయండి, తిరగండి, అప్పుడు చెప్పండి.
- గది మధ్యకి నడవండి. దూరం సగమైతే గొంతు మీద భారం బాగా తగ్గుతుంది.
- అల్లరి ఆపడానికి చప్పట్లు, గంట, బల్ల మీద తట్టడం. పిల్లలు రెండు రోజుల్లో అలవాటు పడతారు.
- గోల మీద గొంతు పెంచకండి. చుట్టూ చప్పుడు పెరిగితే మనకి తెలియకుండానే గొంతు పెరుగుతుంది. ఫాను చప్పుడైనా సరే.
- డస్టరు దులపకండి, తడిగుడ్డతో పై నుంచి కిందికి తుడవండి.
- వరసగా రెండు పీరియడ్లుంటే రెండోదాంట్లో పిల్లల చేత చదివించండి.

ఇంటి దగ్గర కూడా చూసుకోండి. మిక్సీ తిరుగుతుండగా వంటింట్లోంచి హాల్లోకి కేకలు, టీవీ మీదుగా మాటలు. అమెరికాలో ఉన్న కొడుకుతో ఫోన్లో, దూరాన్ని బట్టి గొంతు పెంచి మాట్లాడే నాన్నగార్లు ఇప్పటికీ ఉన్నారు.

9. తప్పులు, సవరణలు

*మాటిమాటికీ గొంతు సవరించుకోవడం.* తంత్రులను రాసి రాసి వాచేలా చేస్తుంది, వాచాక కళ్ళె ఉన్నట్టనిపించి మళ్ళీ సవరిస్తారు. ఒక గుక్క నీళ్ళు మింగండి, లేదా నోరు మూసుకుని మెత్తగా "మ్మ్‌" అనండి.

*రాత్రి పదింటికి పులిహోర తిని పడుకోవడం.* పుల్లటి త్రేన్పులు ఉంటే భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉంచండి, మంచం తలవైపు ఎత్తు పెంచండి.

*ఉబ్బసం మందు పీల్చి నోరు కడగకపోవడం.* పీల్చిన ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మేయాలి. బొంగురు వచ్చిందని మందు మాత్రం మీరే మానేయకండి.

*కాస్త బాగవగానే ఆపేయడం.* సాధారణంగా మూడో వారంలో జరిగే తప్పు ఇది.

10. బాగవుతోందో లేదో

ప్రతి ఆదివారం పొద్దున అదే పద్యం, అదే లెక్కపెట్టడం, అదే "ఆ" రికార్డు చేయండి. రోజూ వింటే తేడా తెలియదు. నాలుగు వారాల తర్వాత మొదటిదీ నాలుగోదీ పక్కపక్కన వినండి.

ఆరు నుంచి ఎనిమిది వారాలు పద్ధతిగా చేశాక మళ్ళీ కెమెరా పరీక్ష చేయించుకోండి. గొంతు బాగున్నట్టనిపించినా సరే. వెళ్ళేటప్పుడు సంచిలో ఇవి ఉండాలి:

- మొదటి రిపోర్టు, ఫొటోలతో
- మొదటి రికార్డింగు, ఆఖరి రికార్డింగు
- మందుల జాబితా
- ఎన్ని రోజులు సాధన తప్పారో, నిజంగా రాసుకున్న కాగితం